ఎనిమిది మంది ఉన్న తరగతికి శాతాలెందుకు?

మే నెలలో పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే హోసూరు నుంచి డెంకణికోట దాకా రోడ్డు పొడుగునా ఫ్లెక్సీలు లేస్తాయి. నూటికి నూరు శాతం ఉత్తీర్ణత, పక్కన పిల్లల ఫొటోలు, వాటి కింద మార్కులు, ఆ కింద 'అడ్మిషన్లు జరుగుతున్నవి'. ఆ వరుసలో మా బడులు కనిపించవు. తళి, అంచెట్టి వైపు అడవి అంచు ఊళ్లలో పంచాయతీ యూనియన్ నడిపే తెలుగు బడులకు ఫ్లెక్సీ కొట్టించే డబ్బు ఉండదన్నది ఒక సంగతి. ఫ్లెక్సీ మీద వేసుకునే రకం లెక్కలు మా దగ్గర ఉండవన్నది ఇంకో సంగతి. మేము చెప్పదలచింది ఈ రెండోదాని గురించి.

జూన్‌లో పిల్లను చేర్చడానికి వచ్చిన తల్లి గానీ తండ్రి గానీ మొదట అడిగే మాట ఒకటే. "సారూ, మీ బడి రిజల్టు ఎంత?" న్యాయమైన ప్రశ్నే. ఒక రోజు కూలి వదులుకుని వచ్చిన మనిషి, పిల్ల జీవితంలో పదేళ్లు మా చేతిలో పెడుతున్న మనిషి, అడక్క ఏం చేస్తాడు? కానీ మేము ఒక శాతం చెప్పి పంపించేస్తే అది ఆయనకు జవాబు కాదు. చిన్న బడికి శాతం ఎలా పని చేస్తుందో ఒకసారి కాగితం మీద పెట్టి చూడాలి.

మన వైపు తెలుగు సెక్షన్ ఉన్న ఉన్నత పాఠశాలల్లో పదో తరగతిలో ఎనిమిది మంది, పది మంది ఉండడం వింతేమీ కాదు. అలాంటి ఒక బడిని ఊహించుకుందాం. మొదటి ఏడు 8 మంది రాసి 6 మంది పాసయ్యారు: 75 శాతం. రెండో ఏడు 7 మందికి 7 మంది: 100 శాతం. మూడో ఏడు 9 మందికి 7: దాదాపు 78 శాతం. నాలుగో ఏడు 6కి 6: మళ్లీ 100. ఐదో ఏడు 10కి 8: 80 శాతం. పై ఆఫీసులో కూర్చుని ఈ అంకెలు చూసేవాళ్లకు ఏం అనిపిస్తుంది? మొదటి ఏడు బడి బాగోలేదు, రెండో ఏడు బ్రహ్మాండం, మూడో ఏడు పడిపోయింది, సంజాయిషీ అడగాలి. నిజానికి అక్కడ ఉన్నది అదే బడి, అవే గదులు, అదే టీచర్లు. తప్పినవాళ్లు ఏ ఏడూ ఇద్దరికి మించలేదు. ఎనిమిది మంది ఉన్న తరగతిలో ఒక్క పిల్లవాడు పన్నెండున్నర శాతం. వాడికి పరీక్ష ముందు రోజు జ్వరం వచ్చినా, వాళ్ల నాయన బెంగళూరులో సెంట్రింగ్ పనిలో కింద పడినా, బడి 'నాణ్యత' పన్నెండున్నర శాతం తగ్గిపోయినట్టే. రెండు వందల మంది రాసే పట్నం బడిలో అదే పిల్లవాడు అర శాతం. ఎవరికీ కనపడడు.

ఐదేళ్లనూ కలిపి చూడండి. 40 మంది రాశారు, 34 మంది పాసయ్యారు. 85 శాతం. ఈ అంకెకు కాస్త నిలకడ ఉంది. దీన్ని పట్టుకుని ఏదైనా మాట్లాడవచ్చు. చిన్న బడి ఫలితాన్ని ఏ ఏటికా ఏడు ప్రకటించడం మానేసి, ఐదేళ్ల కూడికగా చెప్పండి అని మేము అడగడానికి కారణం ఇదే. ఇందులో పెద్ద గణితం లేదు, ఐదో తరగతి కూడికే. అయినా సమీక్ష సమావేశాల్లో ఈ మాట ఎత్తితే 'సాకులు చెప్పొద్దు' అంటారు.

ఆ 85 శాతం కూడా అసలు ప్రశ్నను దాటేస్తుంది. అది పరీక్ష రాసినవాళ్లలో లెక్క. రాయని వాళ్ల మాటేమిటి? ఒకటో తరగతిలో మాతో పలక పట్టినవాళ్లు పదేళ్ల తర్వాత ఎక్కడున్నారు? మన రాష్ట్రంలో ఎనిమిదో తరగతి వరకు ఎవరినీ ఫెయిలు చేయరు, మంచిదే. ఆ తర్వాత తొమ్మిదిలో మొదలవుతుంది జల్లెడ పట్టడం. 'వీడు పదిలో తప్పుతాడు, టీసీ ఇచ్చేద్దాం', 'ఈ పిల్లను ప్రైవేటుగా కట్టించుకోమందాం' అన్న మాటలు నూరు శాతం బోర్డు పెట్టుకున్న బడుల స్టాఫు గదుల్లో వినపడతాయని ఈ పేజీ చదివే టీచర్లకు వేరే చెప్పనక్కర్లేదు. నూరు శాతం తెచ్చుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి అందరికీ చదువు చెప్పడం. రెండోది చదువు రానివాళ్లను లెక్కలోంచి తీసేయడం. రెండోది చాలా సులువు. ఫ్లెక్సీ మీద రెండూ ఒకేలా ఉంటాయి.

అందుకే తల్లిదండ్రులు బడిని అడగాల్సిన మొదటి లెక్క ఇది అని మా అభిప్రాయం: చేరినవాళ్లు ఎందరు, వాళ్లలో చివరిదాకా నిలిచినవాళ్లు ఎందరు, నిలవని ఒక్కొక్కరూ ఎక్కడికి వెళ్లారు. ఇది తేలని లెక్కేమీ కాదు. తమిళనాడులో ప్రతి బడి పిల్లకూ ఎమిస్ నంబరు ఉంది. బడి మారినా నంబరు మారదు. పిల్ల ఇంకో బడిలో చేరిందా, ఎక్కడా చేరలేదా అన్నది కంప్యూటరులోనే తెలుస్తుంది. చిన్న బడికి ఇంకో సౌకర్యం కూడా ఉంది. మాకు ఆ నంబరు కూడా అక్కర్లేదు, ఏ పిల్ల ఏ ఇంటిదో, వాళ్ల అవ్వ పేరేమిటో తెలుసు. ఒక నోటు పుస్తకంలో ఏడాదికి ఒక పేజీ, పేజీకి పది పన్నెండు పేర్లు. ఎదురుగా ఒక గడి: ఐటీఐ, ప్లస్ వన్, సిప్‌కాట్‌లో కంపెనీ పని, పూల తోట పని, పెళ్లి. ఆ చివరి మాట రాసేటప్పుడు చెయ్యి ఆగుతుంది. అయినా రాయాల్సిందే.

దాని గురించి ఇక్కడే చెప్పేస్తాం. అడవి పక్క ఊళ్లలో ఎనిమిదో తరగతి అయిన ఆడపిల్లను తొమ్మిదికి పంపాలంటే దూరం వెళ్లాలి, బస్సు రోజుకు రెండు సార్లు. ఇంట్లో మేనమామో, మేనబావో ఉంటాడు. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేయకూడదని 2006 చట్టం చెబుతుంది, అది అందరికీ తెలుసు. తెలిసి కూడా జరుగుతున్నాయి. ఇలాంటి చోట ఒక ఆడపిల్ల తొమ్మిదో తరగతి గది మెట్టు ఎక్కితే అది మాకు ఫలితం. పదిలో ఆమెకు 210 మార్కులే వచ్చినా సరే, పదహారేళ్ల వయసులో ఆమె బడిలో ఉంది. 'మీ బడిలో 400 దాటినవాళ్లు ఎందరు' అని అడిగే ఫారంలో దీనికి గడి లేదు. ఉండాలి. ఎనిమిది పూర్తిచేసిన ఆడపిల్లల్లో తొమ్మిదిలో చేరినవారు ఎందరు అన్న ఒక్క గడి చాలు, ఆ బడి టీచర్లు సాయంత్రాలు ఏ ఇళ్ల అరుగుల మీద కూర్చుని ఎవరిని బతిమాలారో తెలిసిపోతుంది.

ఈ సందర్భంలో తల్లిదండ్రులకు ఒక పనికొచ్చే మాట. ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలో చదివిన ఆడపిల్ల పై చదువుకు వెళ్తే, ఆ చదువు అయ్యేదాకా నెలకు 1,000 రూపాయలు ఇచ్చే 'పుదుమై పెణ్' పథకం 2022 సెప్టెంబరు నుంచి ఉంది. ప్రభుత్వ బడి పిల్లలకు వైద్య సీట్లలో 7.5 శాతం కేటాయింపు 2020లో వచ్చింది. దానికీ లెక్క ఆరో తరగతి నుంచే. మరి ఐదు అవగానే 'ఇంగ్లీషు మీడియం' వ్యాను ఎక్కించడానికి ముందు ఈ లెక్క కూడా ఒకసారి వేసుకోవాలి. వ్యాను ఎక్కించినవాళ్లను మేము తప్పుపట్టడం లేదు. ఏం పోతుందో తెలిసి ఎక్కించమంటున్నాం, అంతే.

ఇక భాష సంగతి. మన బడులను కొలిచేటప్పుడు ఎక్కువ అన్యాయం జరిగేది ఇక్కడ. 2006లో వచ్చిన తమిళ అభ్యాస చట్టం ప్రకారం తమిళం మొదటి భాగం, ఇంగ్లీషు రెండో భాగం, మిగతా సబ్జెక్టులు మూడో భాగం, మన తెలుగు నాలుగో భాగంలో ఐచ్ఛికం. ఒకటో తరగతితో మొదలై ఏడాదికో మెట్టు ఎక్కుతూ 2016 మార్చికి అది పదో తరగతి పరీక్షకు చేరింది. ఆ తర్వాత మినహాయింపుల కోసం కోర్టుల చుట్టూ తిరిగిన కథ అందరికీ తెలిసిందే. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దగ్గర దొరికింది కూడా ఒక ఏడాది ఊరటే. ఆ వాదం ఇక్కడ తిరగదోడం. మా పిల్లలు తమిళం నేర్చుకోవాలి. ఈ నేల మీద బతకాల్సినవాళ్లు, ఆస్పత్రిలో, బస్టాండులో, తాలూకా ఆఫీసులో మాట్లాడాల్సినవాళ్లు. మేము అడిగేది వేరు. లెక్కల పరీక్ష పెట్టి భాషను కొలిచి, ఆ మార్కును లెక్కల ఖాతాలో రాయకండి.

ఎలాగో చెబుతాం. మా దగ్గర ఎనిమిది దాకా తెలుగులో చదివిన పిల్లకు చుట్టుకొలత తెలుసు, వైశాల్యం తెలుసు. తొమ్మిదిలో తమిళ మీడియం గదిలో కూర్చుంటుంది. అక్కడ చుట్టుకొలత 'చుట్రళవు', వైశాల్యం 'పరప్పళవు'. మొదటిది ఎలాగో పోల్చుకుంటుంది, చుట్టు అన్న మాట వినపడుతుంది కాబట్టి. రెండో మాట దగ్గర ఆగిపోతుంది. కూడికకు 'కూట్టల్' అంటే ఇబ్బంది లేదు. గుణకారానికి 'పెరుక్కల్', భాగహారానికి 'వగుత్తల్' అన్నప్పుడు నోరు తెరుస్తుంది. మొదటి మూడు నెలలు ఆమెకు వచ్చే మార్కులు ఈ మాటల మార్కులు, లెక్కలవి కావు. కానీ రికార్డులో పడేది 'లెక్కల్లో వెనుకబడింది' అని. ఆ వెంటనే 'తెలుగు బడి నుంచి వచ్చిన పిల్లలు ఇంతే' అన్న మాట.

దీన్ని విడదీసి చూసే పద్ధతి ఒకటి మేము వాడుతున్నాం. ఒకే లెక్కను రెండుసార్లు ఇస్తాం. మొదటిసారి తమిళంలో అచ్చయిన కాగితం. రెండు రోజులు ఆగి అదే రకం లెక్కను అంకెలు మార్చి తెలుగులో చదివి వినిపిస్తాం. మొదటి దానిలో తప్పి రెండో దానిలో చేస్తే, ఆ పిల్లకు కావలసింది ఇరవై ముప్పై మాటల పట్టిక. రెండింటిలోనూ తప్పితే లెక్కే రాలేదు, అప్పుడు తప్పు మాది, మళ్లీ చెప్పాలి. ఈ తేడా తెలియకుండా ఇద్దరికీ కలిపి 'రెమిడియల్ క్లాసు' పెట్టడం వల్ల ఒకరికి విసుగు, ఇంకొకరికి అవమానం.

చదవడంలోనూ అంతే. కర్ణాటకలో, కోలారు, బళ్లారి వైపు ఉన్న మన టీచర్లకు ఒక వీలుంది. కన్నడ లిపి మన లిపికి అక్కాచెల్లెళ్ల పోలిక. తెలుగు వచ్చిన పిల్ల కన్నడ అక్షరాలను కొద్ది వారాల్లో పట్టేస్తుంది. తమిళ లిపి అలా కాదు. మనకు క, ఖ, గ, ఘ నాలుగు అక్షరాలు. అక్కడ ఒక్కటే. ఏ చోట 'క' అనాలో ఏ చోట 'గ' అనాలో పిల్ల మాటను బట్టి తెలుసుకోవాలి. మాట ముందే తెలిసుంటేనే అది సాధ్యం, ఇంట్లో తమిళం వినని పిల్లకు ఆ మాటే తెలియదు. కాబట్టి తమిళ ఇంటి పిల్ల మూడో తరగతిలో చేరే మెట్టుకు మన పిల్ల ఐదులో చేరితే అది వెనుకబాటు కాదు. తనకు తెలిసిన ఒక లిపి మీద ఇంకో లిపి కట్టుకుంది. పరలాకిమిడి, బరంపురం వైపు ఒడియాతో పాటు చదివే పిల్లల టీచర్లు కూడా ఇలాంటి మెట్లను తమ లెక్కలో చూసుకోవాలి. ఇరవై పేజీల జిల్లా నివేదికలో రెండు లిపులు చదవగల పిల్లకు ఒక్క లిపి చదివే పిల్లకన్నా తక్కువ రంగు పడుతుంటే, లోపం ఆ నివేదికలో ఉంది.

జిల్లా నివేదిక అన్నాం కాబట్టి ఒక మాట. 2021 నవంబరులో జరిగిన జాతీయ సాధన సర్వే, 2024 డిసెంబరులో పరఖ్ పేరుతో జరిగిన సర్వే, ఇవి కొన్ని బడులను ఎంచుకుని జిల్లా ఎలా ఉందో చెప్పడానికి చేసినవి. ఒక్కో బడికి మార్కు వేయడానికి చేసినవి కావు. తమ బడిలో సర్వే జరిగిన రోజున పన్నెండు మంది పిల్లలు రాసినదాన్ని పట్టుకుని ఎవరైనా ఆ బడిని తిట్టారంటే, ఆ సర్వే ఎందుకు పెట్టారో వాళ్లకు తెలియదన్నమాట.

హాజరు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, కాని ఒక సంగతి చెప్పాలి. ఉదయం హాజరు మొబైల్‌లో ఎక్కించేయాలి. రాగి కోతకొచ్చే వేళ బన్నేరుఘట్ట వైపు నుంచి ఏనుగులు దిగుతాయి. ఆ రోజుల్లో పిల్లలు తెల్లవారి గుంపుగా, పెద్దవాళ్ల తోడు చూసుకుని బయల్దేరుతారు. పదింటికి వస్తారు. మొబైల్‌లో వాళ్లు అప్పటికే గైర్హాజరు. పదింటికి వచ్చి నాలుగింటి దాకా కూర్చుని చదువుకున్న పిల్ల ఆ రోజు బడికి రానట్టే. 2023 ఆగస్టులో ఉదయం టిఫిన్ పథకం అన్ని ప్రభుత్వ ప్రాథమిక బడులకూ వచ్చాక చిన్న పిల్లలు పొద్దున్నే పరుగున వస్తున్న మాట మాత్రం నిజం. ఉప్మా చేసిన మేలు మా ఉపన్యాసాలు చేయలేదు. హాజరును కొలిస్తే బడి మంచిదా అన్నది తెలియదు, దారి ఎలా ఉంది, పొయ్యి వెలిగిందా అన్నది తెలుస్తుంది. అది తెలుసుకోవడమూ అవసరమే.

ఇంతవరకు చదివిన తండ్రి ఒకరు అడగవచ్చు. "మీరు చెప్పేవి బాగున్నాయి సారూ. రేపు మా వాడు పాలిటెక్నిక్‌కు అప్లికేషన్ పెడితే ఏనుగులు దిగాయని రాస్తే సీటు ఇస్తారా?" ఇవ్వరు. మార్కులే చూస్తారు. అది మాకు తెలుసు. మార్కులు అక్కర్లేదని మేము ఎక్కడా అనలేదు. పదో తరగతి పాసవడం మా పిల్లలకు అత్యవసరం, పట్నం పిల్లలకన్నా ఎక్కువ అవసరం, ఎందుకంటే వాళ్ల దగ్గర వేరే ఏ కాగితమూ లేదు. బడిని కొలవడం వేరు, పిల్లకు మార్కులు రావడం వేరు. వైద్యుడు మంచివాడా కాదా అన్నది తన దగ్గరకు వచ్చిన రోగి ఎలా వచ్చాడు, ఎలా వెళ్లాడు అన్నదాన్ని బట్టి చెబుతాం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను మాత్రమే చేర్చుకుని 'మా ఆస్పత్రిలో అందరూ బాగున్నారు' అంటే నవ్వుతాం కదా.

ఇంకో అభ్యంతరం మా తోటి టీచర్ల వైపు నుంచే ఉంది, దాన్ని దాచడం మర్యాద కాదు. 'చిన్న బడి, మారుమూల, పేద పిల్లలు' అన్న మాటలను కప్పుకుని పాఠం చెప్పకుండా కాలక్షేపం చేసేవాళ్లు ఉన్నారు. శాతం వద్దు, ఎదుగుదల చూడండి అన్న వాదన వాళ్లకూ పనికొస్తుంది. అందుకే ఎదుగుదల అన్నది మాటగా ఉండకూడదు, చూపించగలిగేదిగా ఉండాలి. ఎవరు అడిగినా తెరిచి చూపించే పుస్తకం ఉండాలి. ఐదు తరగతులకు ఇద్దరు టీచర్లు ఉన్న బడి అయినా సరే. విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది దాకా ఇద్దరే, అంతకన్నా మాకు దొరకరు. ఆ ఇద్దరితోనే ఇది జరగాలి.

మేము చేస్తున్నది ఇదీ. జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి, ఏడాదికి నాలుగుసార్లు ఒక్కో పిల్లను ఒంటరిగా పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తాం. మెట్లు అసర్ సర్వే వాళ్లు 2005 నుంచి ఇళ్లకు వెళ్లి వాడుతున్న మెట్లే: అక్షరాలు, చిన్న మాటలు, నాలుగు వాక్యాల పేరా, ఒక చిన్న కథ. లెక్కల్లో అంకెలు గుర్తుపట్టడం, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. తెలుగులో ఒకసారి, తమిళంలో ఒకసారి. పాఠ్యపుస్తకం వాడం, ఎందుకంటే పాఠం కంఠతా వచ్చేసి ఉంటుంది. వేలు ఒక చోట పెట్టి నోరు ఇంకో చోట చదివే పిల్లలను చూడని టీచరు ఉండరు. పిల్ల ఇంతవరకు చూడని కాగితం కావాలి. ఈ పత్రిక ఈ పేజీ కూడా చాలాసార్లు పనికొచ్చింది. ముఖ్యమైన నియమం ఒకటి పెట్టుకున్నాం. ఎవరి తరగతిని వాళ్లు పరీక్షించకూడదు. మన పిల్ల తడబడితే మన పెదవులే ముందు కదులుతాయి.

చదివాక పుస్తకంలో ఒక వరస: తేదీ, ఏ మెట్టు, ఎక్కడ ఆగింది. జూన్ నాటి పిల్ల చేతి రాత ఒక పేజీ చించకుండా దాచిపెడతాం. మార్చిలో ఆ పేజీ, ఈ పేజీ పక్కపక్కన పెట్టి తల్లికి చూపిస్తాం. చదవడం రాని తల్లికి కూడా తేడా తెలుస్తుంది.

ఈ పుస్తకం వల్ల ఏం కనబడుతుందో ఒక ఉదాహరణ. బెంగళూరులో కట్టడాల పని దగ్గర గుడారంలో ఏడాదిన్నర ఉండి వచ్చిన పిల్లవాడు మూడో తరగతిలో చేరాడు. జూన్‌లో అక్షరాల్లో సగం రావు. మార్చికి తెలుగు పేరా చదివాడు, తమిళంలో మాటల మెట్టు మీద ఉన్నాడు. వార్షిక పరీక్షలో మార్కులు 38. పక్కనే కూర్చున్న పిల్ల జూన్‌లోనే కథ చదివింది, మార్చిలోనూ అదే మెట్టు, మార్కులు 74. మార్కుల పట్టీ చూస్తే ఆ పిల్ల బడికి గర్వకారణం, వాడు బడికి బరువు. మా పుస్తకం చూస్తే ఆ ఏడు మేము ఎవరికి చదువు చెప్పామో, ఎవరిని ఉన్నచోటే కూర్చోబెట్టామో తెలుస్తుంది. ఆ పిల్లకు మరుసటి ఏడు గట్టి పుస్తకాలు ఇచ్చాం. మార్కులు మాత్రమే చూసి ఉంటే ఆమె గురించి ఎవరూ ఆలోచించేవారు కాదు. ఎదుగుదలను కొలవడం వెనుకబడిన పిల్లల కోసమే అనుకుంటారు గానీ, బాగా చదివే పిల్ల అసలు కదలడం లేదన్న సంగతి బయటపడేది కూడా దీనిలోనే.

ఒక్క గీత మాత్రం మేము సడలించం. మూడో తరగతి అయ్యేసరికి ఎవరి ఇంటి పిల్లయినా, ఏ పనికి వెళ్లి వచ్చినా, తెలియని తెలుగు పేజీ ఒకటి చదివి, ఏం చదివిందో సొంత మాటల్లో చెప్పాలి. సంగటి తిని, మేకలు కట్టి వచ్చే పిల్లలకు ఇది ఎక్కువ అనేవాళ్ల మాటతో మేము ఏకీభవించం. వాళ్లకు ఇదే ఎక్కువ కావాలి. రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక దశలో అమ్మ భాషలో చదువు అనేది ఊరికే రాయలేదు. అమ్మ భాషలో బడి ఉండి కూడా మూడేళ్లకు పేజీ చదవలేకపోతే ఆ బడి తెలుగుదైనా, తమిళానిదైనా, ఇంగ్లీషుదైనా ఒకటే.

తల్లిదండ్రులు ఇంట్లో చేయగల పరీక్ష ఇంకా సులువు. ర్యాంకు ఎంత అని అడగడం పక్కన పెట్టి, ఎరువు బస్తా మీద ఏం రాసి ఉందో చదవమనండి. బస్సు బోర్డు చదవమనండి. రేషన్ షాపు నుంచి వచ్చిన మెసేజీ చదివి లెక్క సరిపోయిందా చెప్పమనండి. అనపకాయలు మూటకు ఇంత అమ్మితే మూడు మూటలకు ఎంత, కమీషన్ పోగా చేతికి ఎంత అని అడగండి. మండీ దగ్గర పిల్ల తాతకు లెక్క చెప్పి దళారి తప్పు పట్టుకుందంటే, ఏ మార్కుల పట్టీ చెప్పని సంగతి అది.

ఇక మిగిలింది ఎవరు ఎక్కడ అడగాలన్నది. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ కింద ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది మహిళలు. బడి అభివృద్ధి ప్రణాళిక రాసేది ఆ కమిటీయే. అల్పసంఖ్యాకులు స్థాపించిన ఎయిడెడ్ బడుల్లో దానికి సలహా ఇచ్చే అధికారం మాత్రమే ఉంది, అయినా సలహా రాతపూర్వకంగా ఇస్తే ఫైలులో ఉంటుంది. చాలా చోట్ల ఈ సమావేశం టీ తాగి సంతకం పెట్టడంతో అయిపోతోంది. ప్రహరీ గోడ, మరుగుదొడ్డి, నీళ్ల ట్యాంకు, ఇంతవరకే మాట్లాడుతున్నాం. చదువు సంగతి టీచర్లది అని తల్లిదండ్రులు, ఎందుకు కదిలించుకోవడమని టీచర్లు వదిలేస్తున్నారు. వచ్చే సమావేశంలో ఐదేళ్ల కూడిక అడగండి. చేరినవాళ్లు, నిలిచినవాళ్లు, వెళ్లినవాళ్లు ఎక్కడున్నారో అడగండి. మూడో తరగతిలో పేజీ చదివేవాళ్లు ఎందరో పేర్లతో అడగండి. ఇచ్చిన జవాబును మినిట్స్ పుస్తకంలో రాయించండి.

ఇది రాయించడానికి ఇంకో అవసరం కూడా ఉంది. పిల్లలు తగ్గిన బడులను పక్క బడిలో కలిపే మాట ఎప్పుడు లేస్తుందో చెప్పలేం. కలిపితే మన పిల్లలు వెళ్లేది తమిళ మీడియం బడికి. నియమాల ప్రకారం ప్రాథమిక బడి కిలోమీటరు లోపు ఉండాలి, అడవి దారిలో ఆ కిలోమీటరు ఏమిటో ఇందాకే చెప్పాం. ఆ రోజు అధికారి ముందు మేము పెట్టగలిగింది ఏమిటి? 'మాది పాత బడి, మా తాతలు చదివారు' అన్నది వినడానికి బాగుంటుంది, ఫైలులో నిలవదు. ఇరవై ముగ్గురు పిల్లల పేర్లు, వాళ్లు జూన్‌లో ఎక్కడ ఉన్నారు, మార్చిలో ఎక్కడ ఉన్నారు, రెండు లిపుల్లో. అది నిలుస్తుంది.

ఈ మార్చిలో మా పిల్లల చదువు చూడడానికి పక్క ఊరి బడి టీచరమ్మ వస్తున్నారు. వాళ్ల బడికి మేము వెళ్తున్నాం. ఆ రోజు తల్లిదండ్రులు ఎవరైనా వచ్చి గదిలో వెనక కూర్చోవచ్చు. ఒక్కటే షరతు: పిల్ల తడబడితే అందించకూడదు.